మెక్‌మైకల్ కిందికెళ్ళిన సంవత్సరం

2024 ఏప్రిల్‌లో మా వాడి ఐస్ హాకీ ట్రైఅవుట్స్ అయిపోయాక రెండ్రోజులకి ఈమెయిల్ వచ్చింది, వాణ్ణి ఎ టీమ్ నుంచి బి టీమ్‌లో వేశారని. వాడికప్పుడు పదకొండేళ్ళు. కారులో వెనక సీట్లో కూర్చుని హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత మెల్లగా "అమ్మా, నన్ను కిందికి దింపేశారు" అన్నాడు. నాకు గుండె జారిపోయింది. ఏం చెప్పాలో తెలీక రెండు సిగ్నళ్ళ దాకా ఊరుకుని, "మెక్‌మైకల్‌ని కూడా దింపారు కదా నాన్నా" అన్నాను. మెక్‌మైకల్ అంటే మేం చూసే హెర్షీ ఐస్ హాకీ జట్టులో ఆడిన కుర్రాడు. మా వాడు వెంటనే తలెత్తాడు. ఆ ఒక్క మాట మా ఇంట్లో ఎందుకు పనిచేసిందో చెప్దామనే ఈ పోస్ట్, కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

మేముండేది పెన్సిల్వేనియాలో మెకానిక్స్‌బర్గ్ దగ్గర. ఇక్కడ మనవాళ్ళు బోలెడుమంది, ఎక్కువగా హారిస్‌బర్గ్‌లో స్టేట్ గవర్నమెంట్ ప్రాజెక్టుల కోసం వచ్చినవాళ్ళు. అరగంట డ్రైవ్‌లో హెర్షీ, అదే చాక్లెట్ల ఊరు. ఇండియా నుంచి ఎవరొచ్చినా హెర్షీపార్క్ రైడ్స్‌కీ చాక్లెట్ వరల్డ్‌కీ తీసుకెళ్తాం కదా, ఆ పార్క్ పక్కనే జైంట్ సెంటర్ అని పెద్ద స్టేడియం ఉంటుంది, పదివేల ఐదొందల మంది దాకా పడతారు. చాలామంది దాన్ని పార్కింగ్‌లోంచి చూసి వెళ్ళిపోతారు. అందులో ఆడేదే హెర్షీ బేర్స్, ఐస్ హాకీ జట్టు. మా ఆయన ఆఫీసులో ఎవరో రాలేక టికెట్లు ఇస్తే ఊరికే వెళ్ళాం మొదటిసారి, చలికి మా వాడికి రెండు స్వెట్టర్లు వేశాను, పక్ (బంతి బదులు ఐస్ మీద కొట్టే రబ్బరు బిళ్ళ) ఎటు పోతోందో కూడా నాకు కనపడలేదు. కానీ వాడు మాత్రం గ్లాసుకి ముక్కు ఆనించి కదల్లేదు. అలా మొదలైంది.

బేర్స్ ఆడేది ఏహెచ్ఎల్ అంటే అమెరికన్ హాకీ లీగ్. టాప్ లీగ్ ఎన్‌హెచ్ఎల్, దాని కింది మెట్టు ఇది. ఎన్‌హెచ్ఎల్‌లో 32 జట్లు, ఏహెచ్ఎల్‌లో కూడా 32, ఒక్కో పై జట్టుకి ఒక్కో కింది జట్టు జత. హెర్షీకి పైన వాషింగ్టన్ క్యాపిటల్స్, 2005 నుంచీ ఇదే జత. ఉయ్యూరులో ఉన్న మా నాన్నగారికి ఫోన్లో వివరించడానికి రంజీ ట్రోఫీ లాంటిది నాన్నా అన్నాను, కానీ అది పూర్తిగా నిజం కాదు. రంజీలో సిరాజ్ హైదరాబాద్‌కి ఆడేటప్పుడు వికెట్లు తీయడం, మ్యాచ్ గెలిపించడం, సెలెక్టర్ల కంట్లో పడడం, అంతే. ఇక్కడ మాత్రం కుర్రాడి కాంట్రాక్ట్ పైజట్టు చేతిలోనే ఉంటుంది, వాడు ఏం నేర్చుకోవాలి ఏం తగ్గించుకోవాలి అన్నది అక్కణ్ణుంచే వస్తుంది, పైజట్టు డెవలప్‌మెంట్ కోచ్‌లు వచ్చి కూర్చుని చూసి వీడియోలు ముందేసుకుని మాట్లాడతారు, ఫోన్ వస్తే ఆ రాత్రికే బ్యాగ్ సర్దుకుని రెండు రెండున్నర గంటలు డ్రైవ్ చేసుకుని వాషింగ్టన్ వెళ్ళిపోవడమే. అలా పైకొస్తాడని నమ్మకం పెట్టుకుని పెంచే కుర్రాణ్ణే ప్రాస్పెక్ట్ అంటారు.

ఇప్పుడు కానర్ మెక్‌మైకల్. 2019 డ్రాఫ్టులో, అంటే ఎన్‌హెచ్ఎల్ జట్లు ఏటా వంతులవారీగా కుర్రాళ్ళని ఎంచుకునే చోట, క్యాపిటల్స్ తీసుకున్నారు, మొదటి రౌండ్‌లో 25వ నంబర్. ఆ తర్వాతి సీజన్లో కెనడా జూనియర్ లీగ్‌లో లండన్ నైట్స్ తరఫున 52 మ్యాచ్‌ల్లో 47 గోల్స్, మొత్తం 102 పాయింట్లు (గోల్సూ, గోల్‌కి అందించిన పాస్‌లూ కలిపి). అంటే ఆ వయసు వాళ్ళలో మేటివాళ్ళలో ఒకడు. ఇక్కడొక రూల్ ఉంది, కెనడా జూనియర్ లీగుల నుంచి డ్రాఫ్టయిన పద్దెనిమిది పంతొమ్మిదేళ్ళ కుర్రాణ్ణి ఏహెచ్ఎల్‌కి పంపకూడదు, పెడితే ఎన్‌హెచ్ఎల్‌లో పెట్టాలి లేకపోతే జూనియర్‌కే వెనక్కి పంపాలి. మధ్య మెట్టు లేదన్నమాట. జూనియర్ జట్లు తమ పెద్ద ఆటగాళ్ళని పోగొట్టుకోకుండా కాపాడుకోవడానికి పెట్టుకున్న రూల్ అది, కానీ జూనియర్‌లో నేర్చుకోవడానికి ఇంకేమీ మిగలనివాడికి అదో గోడ. (2026-27 నుంచి ఒక్కో జట్టు ఒక పంతొమ్మిదేళ్ళ వాణ్ణి ఏహెచ్ఎల్‌కి పంపుకోవచ్చని కొత్త ఒప్పందంలో రాసుకున్నారు, నాకు చాలా సంతోషమేసింది.) మెక్‌మైకల్ విషయంలో కోవిడ్ వల్ల ఆ సంవత్సరం అతని జూనియర్ లీగ్ అసలు నడవనే లేదు, దాంతో 2021లో హెర్షీకి వచ్చి 33 మ్యాచ్‌ల్లో 14 గోల్స్ కొట్టాడు. ఇంక చాలు పైకొచ్చెయ్ అన్నారు.

2021-22లో క్యాపిటల్స్‌కి 68 మ్యాచ్‌లు ఆడాడు. గోల్స్ తొమ్మిది. ఏదో ఒక మూల లైన్‌లో పది నిమిషాలు ఇవ్వడం, కొన్ని మ్యాచ్‌ల్లో అసలు ఆడించకుండా సూట్ వేసుకుని పైన కూర్చోబెట్టడం. పవర్ ప్లే అంటే అవతలి జట్టులో ఒకణ్ణి పెనాల్టీ బాక్స్‌లో కూర్చోబెట్టినప్పుడు మనం ఒకరు ఎక్కువగా ఆడే సమయం, గోల్స్ కొట్టేవాడికి అదే అన్నం, అక్కడ ఓవెచ్కిన్, బ్యాక్‌స్ట్రామ్ లాంటి పేరున్న సీనియర్లుండగా కుర్రాడికి చోటెక్కడిది. పది నిమిషాలు ఆడేవాడు ఏం ఆలోచిస్తాడు? తప్పు చేయకూడదు అని ఆలోచిస్తాడు. పక్ వస్తే రిస్క్ ఎందుకని గోడకేసి కొట్టేసి బెంచ్‌కి వచ్చేస్తాడు. అలా ఒక్క ఏడాదిలో, 47 గోల్స్ కొట్టిన చేతులు భయపడడం నేర్చుకుంటాయి. నేను కోచ్‌ని కాను, హాకీ ఆడినదాన్ని కూడా కాదు, కానీ ఇది మాత్రం బలంగా నమ్ముతాను, పిల్లవాణ్ణి పెద్ద స్కూల్లో వెనక బెంచీలో కూర్చోబెట్టడం కన్నా చిన్న స్కూల్లో బోర్డు దగ్గర నిలబెట్టడం మేలు.

2022-23 మొదలయ్యాక నవంబరు వచ్చేసరికి అతన్ని హెర్షీకి పంపేశారు. ఎన్‌హెచ్ఎల్‌లో ఆ ఏడాది మొత్తం కలిపి ఆరే ఆరు మ్యాచ్‌లు. ఒక పూర్తి సీజన్ పైన ఆడినవాడు, ఇంటర్వ్యూలూ చార్టర్ ఫ్లైట్లూ చూసినవాడు మళ్ళీ బస్సెక్కాలి. ఏహెచ్ఎల్ షెడ్యూల్ గురించి తెలిస్తే ఆ బస్సేంటో అర్థమవుతుంది, కొన్ని వారాలు శుక్రవారం శనివారం ఆదివారం వరసగా మూడ్రోజులు మూడు మ్యాచ్‌లు పెడతారు, ఒకటి మనూళ్ళో, ఒకటి అలెన్‌టౌన్, ఇంకోటి విల్క్స్-బ్యారీ అలా, ఇంకా దూరం అంటే హార్ట్‌ఫర్డ్, ప్రావిడెన్స్, అర్ధరాత్రి బస్సులో కునుకు తీసి మర్నాడు సాయంత్రం మళ్ళీ గేర్ కట్టుకోవడమే.

మా సీట్ల పక్కన ఒక పెద్దావిడ కూర్చుంటుంది, బేర్స్ ఇదివరకు ఆడిన పాత హెర్షీపార్క్ అరీనా రోజుల నుంచీ సీజన్ టికెట్ ఉన్న మనిషి. ఆవిడ నాకు మొదట్లో ఒక మాట చెప్పింది, పక్‌ని చూడకు, పక్ లేని అబ్బాయిని చూడు అని. ఆ సీజనంతా నేను అలాగే మెక్‌మైకల్‌ని చూశాను. గోల్ కొట్టేటప్పుడు ఎవరైనా చూస్తారు, నేను చూసింది మన సొంత జోన్‌లో గోడ దగ్గర. డిఫెన్స్‌వాడు పక్‌ని బోర్డుల వెంబడి పంపిస్తాడు, వీడు గోడకి వీపు పెట్టి దాన్ని అందుకోవాలి, ఎదురుగా ఆరడుగుల మూడంగుళాల మనిషి దూసుకొస్తుంటాడు, అర సెకను ఉంటుంది, ఆ అర సెకనులో పక్‌ని బ్లూ లైన్, అంటే మన జోన్ హద్దు, దాటించాలి. దాటించలేకపోతే అది మళ్ళీ మన గోల్ ముందుకే వస్తుంది. జూనియర్‌లో 102 పాయింట్లు కొట్టేవాడికి ఆ పని ఎప్పుడూ అంతగా అవసరం పడి ఉండదు, ఎందుకంటే పక్ ఎప్పుడూ వాడి దగ్గరే ఉంటుంది. ఎన్‌హెచ్ఎల్‌లో కోచ్ ఒక కుర్రాణ్ణి నమ్మాలా వద్దా అన్నది చాలాసార్లు ఇదిగో ఈ గోడ దగ్గరే తేలుతుంది. హెర్షీలో అతన్ని ప్రతి రెండు మూడు నిమిషాలకీ ఐస్ మీదకి పంపేవాళ్ళు, పవర్ ప్లేలో పెట్టేవాళ్ళు, ఒక గోల్ ఆధిక్యంలో ఉన్న చివరి నిమిషాల్లోనూ పంపేవాళ్ళు. తప్పు చేసినా తర్వాతి షిఫ్ట్‌కి (ఐస్ మీదకి దిగే వంతుకి) మళ్ళీ పేరు పిలిచేవాళ్ళు. నాకు డెవలప్‌మెంట్ అనే మాటకి అర్థం అక్కడే తెలిసింది, తప్పు చేశాక మళ్ళీ పంపడం.

ఆ ఏడాది క్యాపిటల్స్ ప్లేఆఫ్స్‌కి వెళ్ళలేదు, 2014 తర్వాత అదే మొదటిసారి. పైనే ఉండి ఉంటే మెక్‌మైకల్ సీజన్ ఏప్రిల్‌లో అయిపోయేది. హెర్షీలో జూన్ 21 దాకా ఆడాడు. ప్లేఆఫ్స్‌లోనే జట్టు ఇరవై మ్యాచ్‌లు ఆడింది. ఫైనల్ కొచెల్లా వ్యాలీ ఫైర్‌బర్డ్స్‌తో, కాలిఫోర్నియా ఎడారిలో ఉన్న కొత్త జట్టు, మొదటి రెండు మ్యాచ్‌లూ వాళ్ళ ఊళ్ళో 5-0, 4-0 తేడాతో ఓడిపోయి వచ్చారు మనవాళ్ళు. ఇంట్లో మేం టీవీ కట్టేశాం అయిపోయిందిలే అని. తర్వాత హెర్షీలో వరసగా మూడూ గెలిచారు, ఆరోది పోయింది, ఏడోది మళ్ళీ వాళ్ళ ఊళ్ళో, మాకు అర్ధరాత్రి దాటింది, 2-0 వెనకబడి, సమం చేసి, ఓవర్‌టైమ్‌లో మైక్ వెకియోన్ కొట్టాడు. 3-2. మా ఆయన అరిచిన అరుపుకి కింద ఫ్లాట్‌వాళ్ళు లేచుంటారు, మా వాడు మాత్రం సోఫాలో నిద్రపోయి ఉన్నాడు, లేపి చూపించాం రీప్లే.

ఆ వెకియోన్‌కి అప్పటికి ముప్ఫై ఏళ్ళు, ఎవరూ డ్రాఫ్ట్ చేయని మనిషి. కుర్రాళ్ళని తయారుచేసే లీగ్‌లో ముప్ఫై ఏళ్ళవాడేంటి అని నేను కూడా అనుకున్నా మొదట్లో. దానికీ ఒక లెక్కుంది. మ్యాచ్‌లో గోలీలు (గోల్ కాపలా కాసేవాళ్ళు) కాకుండా దిగే 18 మంది స్కేటర్లలో కనీసం 13 మంది డెవలప్‌మెంట్ ప్లేయర్లే ఉండాలి, అందులో 12 మంది 260 ప్రొఫెషనల్ మ్యాచ్‌లకి మించి ఆడి ఉండకూడదు, ఇంకొకరికి 320 దాకా పర్లేదు. అంటే సీనియర్లకి మిగిలేది ఐదు కుర్చీలు. ఆ ఐదూ ఎవరికిస్తారన్నది క్లబ్ చేసే చాలా పెద్ద నిర్ణయం, ఎందుకంటే వాళ్ళు ఇంట్లో పెద్దన్నల్లాంటి వాళ్ళు. అప్పటి కెప్టెన్ డిలన్ మెకిల్‌రాత్‌ని చూడండి, 2010లో మొదటి రౌండ్ పదో నంబర్‌గా న్యూయార్క్ రేంజర్స్ తీసుకున్న మనిషి, అంత పైన డ్రాఫ్ట్ అయ్యి కెరీర్‌లో ఎక్కువ భాగం ఏహెచ్ఎల్‌లోనే గడిపాడు. మొదటి రౌండ్‌లో వచ్చి కిందికి దిగిన కుర్రాడికి ఆ బాధ తెలిసిన పెద్దన్న పక్క లాకర్‌లో ఉండడం కన్నా ఏం కావాలి. ఆ తర్వాతి ఏడాది 2024లో కూడా అదే ఫైర్‌బర్డ్స్ మీద మళ్ళీ కప్ గెలిచారు, ఈసారి ఆరు మ్యాచ్‌ల్లో, మొత్తం హెర్షీకి 13 కాల్డర్ కప్పులు (ఏహెచ్ఎల్ విజేతకిచ్చే కప్). ఇంకే జట్టుకీ అన్ని లేవు.

ఇక్కడ ఇంకో సంగతుంది, బేర్స్ క్యాపిటల్స్ సొంత జట్టు కాదు, ఊళ్ళోని హెర్షీ ఎంటర్‌టైన్‌మెంట్ కంపెనీది. పైవాళ్ళకి కుర్రాళ్ళు ఎదగాలి, ఊరికి కప్ కావాలి. ఈ రెండూ పొసగవని అంటారు కొందరు, గెలవడం కోసం పెద్దవాళ్ళనే ఆడిస్తే పిల్లలెప్పుడు ఎదుగుతారని. నాకు అలా అనిపించదు. ఓడిపోయే జట్టులో ఎక్కువ నిమిషాలు ఆడడం వేరు, జూన్‌లో పదివేల మంది లేచి నిలబడ్డ చోట ఒక గోల్‌ని కాపాడుతూ ఆడడం వేరు. 2024 ప్లేఆఫ్స్‌లో ఎంవీపీ, అంటే అందరికన్నా బాగా ఆడినవాడు, హెండ్రిక్స్ లపియెర్, క్యాపిటల్స్ 2020 మొదటి రౌండ్ కుర్రాడు. పిల్లవాడే గెలిపించాడు.

గోలీల దారి ఇంకా పొడుగు, నాకు వాళ్ళంటే ప్రత్యేకమైన ప్రేమ. ఫార్వర్డ్ అయితే పన్నెండు మంది దిగుతారు, గోల్ ముందు ఒక్కడే. అందుకని ఒక గోలీకి ఆట దొరకాలంటే ఇంకో మెట్టు కిందికి కూడా వెళ్ళాలి, ఏహెచ్ఎల్ కింది లీగ్ ఈసీహెచ్ఎల్‌కి, మనవాళ్ళయితే అందులోని సౌత్ కరోలినా స్టింగ్రేస్ జట్టుకి. బ్రేడెన్ హోల్ట్‌బీ నాలుగో రౌండ్ డ్రాఫ్ట్, స్టింగ్రేస్‌లో ఆడి హెర్షీలో ఆడి చివరికి 2018లో క్యాపిటల్స్‌కి స్టాన్లీ కప్, అంటే ఎన్‌హెచ్ఎల్ కప్, తెచ్చాడు. హంటర్ షెపర్డ్‌ని అసలు ఎవరూ డ్రాఫ్టే చేయలేదు, అతనూ స్టింగ్రేస్ నుంచే వచ్చి 2023 ప్లేఆఫ్స్ ఎంవీపీ అయ్యాడు, ఆ అక్టోబరులో ఎన్‌హెచ్ఎల్‌లో మొదటి మ్యాచ్ ఆడాడు. మా వాడు ఆ రోజు స్కూల్‌కి బేర్స్ జెర్సీ వేసుకెళ్ళాడు.

ఈతెన్ ఫ్రాంక్ కూడా అంతే. డ్రాఫ్ట్ లేదు, ఎన్‌హెచ్ఎల్ కాంట్రాక్ట్ లేదు, ఏహెచ్ఎల్ జీతంతో వచ్చి మొదటి పూర్తి సీజన్లో 30 గోల్స్. అంత వేగంగా స్కేట్ చేసేవాణ్ణి నేను ఇంకెవర్నీ చూడలేదు. 2025 జనవరిలో, ఇరవయ్యైదేళ్ళ వయసులో, పైకి పిలిచారు. ఆ వార్త చూసి మా పక్క సీటు పెద్దావిడ కళ్ళు తుడుచుకుంది. అదే నెలలో టెడ్డీ బేర్ టాస్ జరిగింది, మనవాళ్ళు మొదటి గోల్ కొట్టగానే జనమంతా తెచ్చుకున్న బొమ్మలు ఐస్ మీదకి విసురుతారు, తర్వాత వాటిని పిల్లల కోసం పంచిపెడతారు, ఆ రోజు లెక్కపెడితే 1,02,343 బొమ్మలు. మేం నాలుగు తీసుకెళ్ళాం.

నాకు ఈ లీగ్‌లో అలవాటు కావడానికి టైమ్ పట్టింది ఏంటంటే, ఇష్టపడ్డవాడు బాగా ఆడితే వెళ్ళిపోతాడు. అప్పగింతలప్పుడు ఉంటుంది చూడండి, ఇంట్లో అందరూ సంతోషంగానే ఉంటారు, అందరూ ఏడుస్తూనే ఉంటారు, సరిగ్గా అదే. ఆటగాళ్ళే కాదు కోచ్‌లు కూడా. బ్రూస్ బూడ్రో 2006లో ఇక్కడ కప్ గెలిచి 2007లో క్యాపిటల్స్‌కి వెళ్ళాడు. స్పెన్సర్ కార్బరీ స్టింగ్రేస్‌కి కోచ్, తర్వాత హెర్షీకి కోచ్, 2023లో క్యాపిటల్స్‌కి కోచ్, 2025లో ఎన్‌హెచ్ఎల్ బెస్ట్ కోచ్ అవార్డు. తన దగ్గర హెర్షీలో ఆడిన కుర్రాణ్ణి రెండేళ్ళ తర్వాత అక్కడ మళ్ళీ చేతికి తీసుకున్నాడు. ఆ కుర్రాడు మెక్‌మైకలే. 2023-24లో 18 గోల్స్, ఆ తర్వాతి ఏడాది 82 మ్యాచ్‌లూ ఆడి 26 గోల్స్. అదే 2019 డ్రాఫ్టులో 91వ నంబరుగా వచ్చి హెర్షీ మీదుగానే వెళ్ళిన అలియాక్సీ ప్రోటాస్ 30 కొట్టాడు. లీగ్ పట్టికలో హెర్షీ 2023-24లో తెచ్చుకున్నవి 111 పాయింట్లు, క్యాపిటల్స్ 2024-25లో తెచ్చుకున్నవీ 111. ఇది ఊరికే కలిసొచ్చిన అంకె, మా వాడు కనిపెట్టాడు, చెప్పకుండా ఉండలేకపోయా.

మనవాళ్ళ సంగతి కూడా ఒకటి చెప్పాలి. 2025 కాల్డర్ కప్ గెలిచింది అబాట్స్‌ఫర్డ్ కనక్స్, ఆ జట్టు కోచ్ మానీ మల్హోత్రా, వాళ్ళ నాన్నగారు పంజాబీ. జట్టులో అర్ష్‌దీప్ బైన్స్, కెనడాలో సర్రీ ఊరి పంజాబీ కుర్రాడు, డ్రాఫ్ట్ కాలేదు, 2021-22లో కెనడా జూనియర్ లీగుల్లో ఒకటైన వెస్టర్న్ హాకీ లీగ్‌లో అందరికంటే ఎక్కువగా 112 పాయింట్లు కొట్టి కాంట్రాక్ట్ తెచ్చుకున్నాడు, 2024లో ఎన్‌హెచ్ఎల్‌లో దిగాడు. మా వాడి గదిలో గోడ మీద ఉన్న ఒకే ఒక్క వేరే జట్టు ఫొటో అతనిది. మా నాన్నగారికి ఫోన్లో చూపిస్తే "మనవాడే ఉన్నాడే ఐస్ మీద" అని మురిసిపోయారు, అప్పట్నుంచి ఈ కర్రలతో కొట్టుకునే ఆటేంటమ్మా అని అడగడం మానేశారు.

అందరూ పైకెళ్ళరు, అది కూడా మా వాడికి చెప్పాం. హెర్షీలో మేం మూడు నాలుగేళ్ళుగా చూసిన కుర్రాళ్ళలో కొంతమంది యూరప్ వెళ్ళిపోయారు, కొంతమంది ఈసీహెచ్ఎల్‌కి దిగారు, కొంతమంది పేర్లు ఒక వేసవి తర్వాత ఏ రోస్టర్‌లోనూ కనపడలేదు. ఒక కుర్రాడు వార్మప్‌లో మా వాడికి రోజూ పక్ విసిరేవాడు, తర్వాతి అక్టోబరులో లేడు. అప్పుడు మా వాడు ఏడ్చాడు. ఆ పక్‌లు ఇంకా షెల్ఫ్‌లో ఉన్నాయి.

బి టీమ్‌లో మా వాణ్ణి సెంటర్ (మధ్యలో) ఆడించారు, ఎ టీమ్‌లో ఎప్పుడూ వింగే (పక్కన). ఫేస్ ఆఫ్‌లు (ఆట మొదలుపెట్టేటప్పుడు పక్ కోసం ఇద్దరు తలపడడం) తీసుకోవడం, పెనాల్టీ కిల్‌లో (మనం ఒకరు తక్కువగా ఆడేటప్పుడు) దిగడం, ఇవన్నీ వాడికి కొత్త. డిసెంబరులో ఒక ఆదివారం పొద్దున్నే ఏడింటికి మ్యాచ్, స్టాండ్స్‌లో పదిహేను మంది పేరెంట్స్ కాఫీ కప్పులు పట్టుకుని ఉన్నాం, చివరి నిమిషం, 3-2లో ముందున్నాం. పక్ గోడ వెంబడి వాడి దగ్గరికి వచ్చింది. వాడు వీపు ఆనించాడు, వాడికన్నా తలంత పొడుగున్న పిల్లాడు మీదకొచ్చాడు, దెబ్బ తగిలింది, పడ్డాడు, కానీ పడేముందే పక్ బ్లూ లైన్ దాటేసింది. గోల్ కాదు, ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నేనూ మా ఆయనా మాత్రం లేచి నిలబడ్డాం. మ్యాచ్ అయ్యాక స్కేట్లు విప్పుతూ "చూశావా అమ్మా" అన్నాడు, గోల్స్ గురించి కాదు. చూశాను నాన్నా అన్నాను.